దుష్టచతుష్టయం: నలుగురు కాని నలుగురు

ప్రతినాయకుల పరంపర - 9వ భాగం

పోయిన భాగంలో కీచకుడి దగ్గర ఆగాం. వెనక నూటయిదుగురు ఉపకీచకులున్నా అతను ఒంటరి దుర్మార్గుడే. అన్న చచ్చాక ఏడ్చి, పగబట్టి, భీముడి చేతిలో తామూ చావడానికి తప్ప వాళ్లకు కథలో వేరే పని లేదు. జట్టంటే అది కాదు. జట్టులో ఒకడు ఆలోచన చెప్పాలి, ఒకడు భుజబలం ఇవ్వాలి, ఒకడు చెప్పిన పని కిమ్మనకుండా చెయ్యాలి, ఒకడి పేరు మీద అంతా నడవాలి. అలాంటి జట్టుకు తెలుగులో పేరు ఒక్కటే. దుష్టచతుష్టయం. దుర్యోధనుడు, కర్ణుడు, శకుని, దుశ్శాసనుడు. భారతం ఒక్క పుటైనా తిప్పనివాళ్లు కూడా ఈ నాలుగు పేర్లు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. పంచాయతీ ఆఫీసులో నలుగురు మనుషులు ఒకే బల్ల దగ్గర కాస్త ఎక్కువసేపు గుసగుసలాడితే చాలు, ఊరు వాళ్లకు ఈ బిరుదు కట్టబెట్టేస్తుంది.

అయితే ఈ నలుగురూ ఎప్పుడూ ఆ నలుగురే కారు. వెయ్యేళ్లకు పైగా కవులూ నాటకాలవాళ్లూ సినిమావాళ్లూ బొమ్మల కథలవాళ్లూ ఈ జట్టులోంచి ఒక్కొక్కణ్ణే తప్పిస్తూ, వాడు మోసిన పాపం పక్కవాడి నెత్తిన పెడుతూ వచ్చారు. తమకు ఎవరి మీద ప్రేమ పుడితే వాణ్ణి బయటికి లాగారు. ఎవరు ఎప్పుడు, ఎవరి చలవతో బయటపడ్డారన్నదే ఈ భాగం.

నేనుండే వర్తూరు పరిసరాల్లో ఈ జట్టు ఇంకా సజీవంగానే ఉంది. బెంగళూరుకు తూర్పున, బెళ్లందూరు నీళ్లన్నీ వచ్చి చేరే పెద్ద చెరువు ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుపోయింది గాని, పాత వీధుల్లో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఇటు సర్జాపుర, అటు హొసకోటె దాకా పాత మైసూరు పల్లెల్లో పౌరాణిక నాటకం ఆడే పద్ధతి కోస్తా వాళ్లకు వింతగా ఉంటుంది. ఇక్కడ వేషగాడికి డబ్బివ్వరు, వేషగాడే డబ్బు కట్టి వేషం కొనుక్కుంటాడు. హార్మోనియం మేష్టరు ఊరికి వచ్చి పగలంతా పొలంలోనో లారీ మీదో ఉండే మనుషులకు రాత్రిళ్లు పద్యాలు నేర్పిస్తాడు. తెరలు, కిరీటాలు, గదలు అద్దెకు వస్తాయి. తెల్లవార్లూ ఆడే ఆ నాటకం పదింట ఎక్కువసార్లు కురుక్షేత్రమే. వేషాలకు రేట్లుంటాయి. పైరేటు పలికేది కృష్ణుడికి, దుర్యోధనుడికి. ధర్మరాజు వేషం కోసం ఎవరైనా పోటీ పడ్డారని నేను వినలేదు. ఇదే నాటకాన్ని గుబ్బి వీరణ్ణ కంపెనీ 1934లో నిజం ఏనుగుల్ని, గుర్రాల్ని రంగస్థలం మీదికి తెచ్చి ఆడింది. దుర్మార్గుల నాయకుడికి ఇంత గిరాకీ ఎలా వచ్చిందో తెలియాలంటే వెనక్కి, వ్యాసుడి దాకా వెళ్లాలి.

వ్యాసభారతంలో ఈ జట్టు ఒక్కసారిగా పుట్టలేదు. చిన్నప్పుడు భీముడికి విషం పెట్టి గంగలో తోయించినప్పుడు అది ప్రధానంగా దుర్యోధనుడి పని. కర్ణుడు ఇంకా రాలేదు. అస్త్రవిద్యా ప్రదర్శన రోజున అతను రంగంలోకి దిగడం, కులం అడిగి అవమానించడం, అంగరాజ్యం దొరకడం, అన్నీ ఒకే పూట. ఆ తర్వాతే నలుగురూ ఒకచోట కూర్చున్న మంతనాలు కనిపిస్తాయి. లక్క ఇల్లు వాటిలో మొదటి పెద్ద పథకం. దానికి అయిదో మనిషిగా పురోచనుణ్ణి తీసుకున్నారు. ఇల్లు కట్టిందీ అతనే, అందులో కాలి చచ్చిందీ అతనే. కిరాయికి తెచ్చుకున్నవాళ్ల గతి ఏ కథలోనైనా ఇంతే.

ఆదిపర్వంలోనే వ్యాసుడు ఈ జట్టును ఒక మహావృక్షంగా చూపిస్తాడు. దుర్యోధనుడు ఆ కోపపు చెట్టు, కర్ణుడు దాని బోదె, శకుని కొమ్మలు, దుశ్శాసనుడు పూలూ కాయలూ. వేరు మాత్రం ధృతరాష్ట్రుడు. అంటే లెక్క అయిదు. కొడుకు చేసే ప్రతి పనికీ ముందు వద్దని, తర్వాత సరేనని, జూదం నడుస్తుంటే "గెలిచామా? గెలిచామా?" అని ఆత్రంగా అడిగిన గుడ్డిరాజును మూలకవి జట్టులోనే లెక్కపెట్టాడు. మన చతుష్టయంలో మాత్రం ఆయనకు చోటు లేకపోయింది. పెద్దాయన, పైగా కళ్లులేనివాడు అనుకున్నామేమో. నా మట్టుకు ఈ జట్టులోంచి జరిగిన మొదటి అన్యాయమైన మినహాయింపు ఇదే.

నలుగురి పేర్లూ ఒకే వరసలో గట్టిగా వినిపించేది ఉద్యోగపర్వంలో. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కురుసభలో పెద్దలకు ఒక సలహా ఇస్తాడు. దుర్యోధనుణ్ణి, కర్ణుణ్ణి, శకునిని, దుశ్శాసనుణ్ణి కట్టి పాండవులకు అప్పగించండి, వంశం నిలుస్తుంది అంటాడు. ఆ నలుగురూ బయటికి వెళ్లి అదే ఆలోచన తిప్పి చేస్తారు. వాళ్లు మనల్ని కట్టకముందే మనమే కృష్ణుణ్ణి కట్టేద్దాం అనుకుంటారు. సంగతి కనిపెట్టిన సాత్యకి వెంటనే సైన్యాన్ని సభాద్వారం దగ్గర సిద్ధంగా ఉంచమని పక్కనున్న యాదవ వీరుడికి చెప్పి లోపలికి పరుగెత్తుతాడు. ఆ యాదవ వీరుడి పేరు కృతవర్మ. పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇంత గట్టి జట్టులోనూ లోపల మాట కలవలేదు. ద్రౌపది పెళ్లయ్యాక పాండవుల మధ్య తగవులు పెడదామని, భీముణ్ణి చాటుగా చంపిద్దామని దుర్యోధనుడు ఉపాయాలు చెబుతుంటే కర్ణుడు కొట్టిపారేస్తాడు. ఈ ఉపాయాలేవీ పారవు, బలం కూడగట్టుకోకముందే మీద పడి గెలుద్దాం అంటాడు. అదే కర్ణుడు జూదసభలో ద్రౌపది వస్త్రాలు తీసుకురమ్మని దుశ్శాసనుడికి చెప్పినవాడు. ఆమె పక్షాన లేచి మాట్లాడిన వికర్ణుణ్ణి, కౌరవ సోదరుణ్ణే, కుర్రవాడివి నోరుమూసుకోమన్నవాడు. రాయబారం చెడిపోయాక కృష్ణుడు అతణ్ణి రథం మీద ఎక్కించుకుని జన్మరహస్యం చెప్పి రాజ్యం ఇస్తానన్నప్పుడు కర్ణుడు ఒప్పుకోడు. కాని దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవులను అన్న పరుషమైన మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానంటాడు. జట్టులోంచి వెళ్లడు, జట్టు చేసిన పనిని సమర్థించడు. తర్వాతి కవులందరూ పట్టుకున్న సందు ఇదే.

యుద్ధం దగ్గరపడేసరికి రాకపోకలు ఎక్కువయ్యాయి. పాండవుల దగ్గరికి బయల్దేరిన శల్యుడికి దారిపొడవునా విడిదులు వేయించి, మర్యాదలు చేయించి దుర్యోధనుడు తన వైపు తిప్పుకున్నాడు. ఆ శల్యుడేమో కర్ణుడి మనసు విరిచేస్తానని ధర్మరాజుకు మాటిచ్చి మరీ ఇటు వచ్చాడు. ధృతరాష్ట్రుడికి వైశ్యస్త్రీ వల్ల పుట్టిన యుయుత్సుడు, రెండు సేనలూ ఎదురెదురుగా నిలబడ్డాక, ధర్మరాజు పిలుపు విని అందరూ చూస్తుండగా అటు నడిచి వెళ్లిపోయాడు. కర్ణుడికి భీష్ముడితో పడక మొదటి పదిరోజులూ ఆయుధమే పట్టలేదు. జట్టులో ముఖ్యుడు పదిరోజులు ఇంట్లో కూర్చున్న యుద్ధమది. భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడు ఒక పూట. ఇలా ఒకడి తర్వాత ఒకడు వచ్చి పడ్డారు.

చతుష్టయంలోంచి కర్ణుణ్ణి బయటికి తెచ్చినవాడు కన్నడ ఆదికవి పంపడు. ఆయన వేంగినాటి మూలాలున్నవాడు. 941లో విక్రమార్జున విజయం రాసింది వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి కొలువులో, అంటే ఇవాళ్టి తెలంగాణలో. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కుర్క్యాల గుట్ట మీద చెక్కించిన శాసనంలో తెలుగు కందాలున్నాయి. నన్నయ ఇంకా పుట్టని కాలం. పంపడి కావ్యానికి నాయకుడు అర్జునుడు, అర్జునుడంటే తన రాజు అరికేసరే. అయినా చివరికొచ్చేసరికి, భారతంలో తలుచుకోవలసినవాడెవడయ్యా అంటే కర్ణుడే అని తేల్చాడు. రాజుగారు ఏమనుకున్నారో.

పదో శతాబ్దం చివర కన్నడ కవి రన్నడు ఇంకో అడుగు వేశాడు. అతని గదాయుద్ధంలో దుర్యోధనుడు శవాల మధ్య నడుస్తాడు. తమ్ముడు దుశ్శాసనుడి దగ్గర, మిత్రుడు కర్ణుడి దగ్గర ఆగి విలపిస్తాడు. శత్రువు కొడుకు అభిమన్యుణ్ణి చూసి అలాంటి చావు తనకూ రావాలని కోరుకుంటాడు. పాత మైసూరు పల్లెల్లో దుర్యోధనుడి వేషానికి ఉన్న మోజుకు ఇంత పాత పునాది ఉంది.

తెలుగులో ఈ పని ఆలస్యంగా జరిగింది. తిక్కన పెద్దవాళ్ల మనసుల్లోకి తొంగిచూపించాడే గాని ఎవరినీ జట్టులోంచి తప్పించలేదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు పల్లెపల్లెకూ రాయబారపు పద్యాలు మోసుకుపోయాయి. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు వంతులవారీగా వేషం కట్టే పిచ్చి వాటివల్లే వచ్చింది. ఆ పద్యాల్లో నలుగురూ నలుగురిగానే ఉన్నారు. మొదట తిరగబడింది త్రిపురనేని రామస్వామి చౌదరి. ఆయన కురుక్షేత్రం నాటకం కౌరవుల హక్కే హక్కని వాదించింది. జట్టులోంచి ఒకణ్ణి తప్పించడం కాదు, జట్టు మీద పెట్టిన కేసునే కొట్టేయమన్నారు ఆయన. న్యాయశాస్త్రం చదివినవాడు కదా. కరుణశ్రీ కుంతీకుమారి పద్యాలు ఇంకో దారిలో వెళ్లాయి. పెట్టెలో పెట్టి నీళ్లలో వదిలిన పసివాణ్ణి చూసి కంటనీరు పెట్టుకున్న తెలుగువాడికి ఆ పిల్లవాడు పెద్దయ్యాక చేసిన పాపం గుర్తు రావడం కష్టం.

ఇక సినిమా. 1957 మాయాబజారులో చతుష్టయానిదే రాజ్యం. పాండవులు తెరమీదికే రారు. ముక్కామల దుర్యోధనుడు, మిక్కిలినేని కర్ణుడు, సి.ఎస్.ఆర్. శకుని, ఆర్. నాగేశ్వరరావు దుశ్శాసనుడు. లక్ష్మణకుమారుడుగా రేలంగి వచ్చి జట్టుకు అయిదోవాడయ్యాడు. ఈ కథ వ్యాసుడిలో లేదు. అందుకే ఇక్కడ వీళ్లు రాజ్యాలు కొల్లగొట్టరు, పెళ్లిసంబంధం కోసం కుట్ర పన్నుతారు. సి.ఎస్.ఆర్. శకునిని చూస్తే భయం వెయ్యదు, ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1947 నుంచి చందమామ నడుపుతున్నవాళ్లు. తెలుగు పిల్లలకు ఈ నలుగురి ముఖాలు పత్రిక బొమ్మల్లోనూ తెర మీదా దాదాపు ఒకే ఇంటినుంచి అందాయి.

తర్వాత ఇరవయ్యేళ్లు నటులు ఈ గీత అటూ ఇటూ దాటుతూనే ఉన్నారు. కర్ణుడైన మిక్కిలినేని 1963 నర్తనశాలలో ధర్మరాజయ్యాడు. దుర్యోధనుడైన ముక్కామల అదే సినిమాలో విరాటరాజు. అందులో దుర్యోధనుడైన ధూళిపాళ 1966 శ్రీకృష్ణ పాండవీయంలో శకునిగా మారాడు. ఆ సినిమాలో కృష్ణుడూ దుర్యోధనుడూ ఎన్టీఆరే, దర్శకుడూ ఆయనే. అక్కడ ఒక పెద్ద మార్పు జరిగింది. శకుని తండ్రినీ అన్నదమ్ముల్నీ దుర్యోధనుడు చెరలో పెట్టి చంపాడని, తండ్రి ఎముకలతో చేసిన పాచికలతో శకుని కురువంశాన్ని లోపలినుంచి కూల్చాడని చెప్పే జానపద కథ తెరకెక్కింది. వ్యాసుడి కథలో శకుని తండ్రి సుబలుడికి ఇది తెలియదు. ఆయన రాజసూయానికి కొడుకుతో కలిసి నిక్షేపంలా వచ్చి వెళ్లాడు. కాని జనానికి పాచికల కథే నచ్చింది. ఆ ఒక్క కథతో శకుని జట్టులో ఉంటూనే జట్టుకు శత్రువయ్యాడు. ధూళిపాళ ఆ పాత్రను ఎంత నమ్మించాడంటే చాలామంది ఇప్పటికీ అది భారతంలోదే అనుకుంటారు.

1964లో బి.ఆర్. పంతులు తమిళంలో తీసిన కర్ణన్ తెలుగులోకీ వచ్చింది. శివాజీ గణేశన్ కర్ణుడు, ఎన్టీఆర్ కృష్ణుడు. సరిగ్గా అదే ఏడు అమెరికాలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో స్పైడర్‌మాన్ వార్షిక సంచికలో సినిస్టర్ సిక్స్ అనే ఆరుగురు దుర్మార్గుల జట్టును కట్టారు. నాయకుడు డాక్టర్ ఆక్టోపస్. వల్చర్, ఎలక్ట్రో, క్రేవెన్, మిస్టీరియో, శాండ్‌మాన్ మిగిలినవాళ్లు. కలిసి మీద పడితే గెలిచేవాళ్లే. కాని కౌరవ సేనాపతుల్లాగా వంతులేసుకుని ఒక్కొక్కరే వెళ్లి ఓడిపోయారు. 1990లో ఆ జట్టును తిరిగి కట్టేనాటికి క్రేవెన్ చచ్చిపోయాడు, అతని చోట హాబ్‌గాబ్లిన్ వచ్చాడు. శాండ్‌మాన్ ఈలోపు మంచివాడయ్యాడు. ఆక్టోపస్ అతనికి ఆశ్రయమిచ్చిన కుటుంబాన్ని చంపుతానని బెదిరించి జట్టులోకి లాగాడు. పాఠకులు ఒక దుర్మార్గుణ్ణి ఇష్టపడటం మొదలుపెడితే, వాడు ఇష్టపడి ఆ జట్టులో లేడు అని రచయిత చెప్పక తప్పదు. శాండ్‌మాన్‌కు బెదిరింపు, కర్ణుడికి స్నేహరుణం. మన కవులు ఆ సంగతి కనిపెట్టి వెయ్యేళ్లయింది.

1977 సంక్రాంతికి తెలుగు దేశంలో ఈ జట్టు రెండుగా చీలింది. జనవరి 14న రెండు భారతాలు విడుదలయ్యాయి. ఒకటి ఎన్టీఆర్ దానవీరశూరకర్ణ, ఇంకొకటి కమలాకర కామేశ్వరరావు తీసిన కురుక్షేత్రం. కైకాల సత్యనారాయణ ఒకదానిలో భీముడు, రెండోదానిలో దుర్యోధనుడు. మార్నింగ్‌షోకు ఒక హాల్లో గద ఎత్తి దుర్యోధనుడి తొడ విరగ్గొట్టినవాడు మ్యాట్నీకి పక్క హాల్లో తన తొడే విరగ్గొట్టించుకున్నాడన్నమాట. కురుక్షేత్రంలో కృష్ణంరాజు కర్ణుడు. కాని నిలబడింది ఎన్టీఆర్ సినిమా. నాలుగు గంటలకు అటూ ఇటూగా సాగే ఆ సినిమాలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. కొండవీటి వెంకటకవి మాటలు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కులం అడిగిన పెద్దలను వాళ్ల పుట్టుకల చిట్టా విప్పి దుర్యోధనుడు నిలదీసిన ఘట్టం ఊరూరా పిల్లలకు కంఠతా వచ్చింది. దానికి బీజం వ్యాసుడిలోనే ఉంది. కాని అది ఎన్టీఆర్ గొంతులో పడేసరికి దుర్యోధనుడు ప్రతినాయకుడి కుర్చీలోంచి లేచి వచ్చేశాడు. చతుష్టయంలో సగం మంది ఒకే మహానటుడి ముఖం వేసుకుంటే, ఆ ముఖమే కృష్ణుడిది కూడా అయితే, ఇక దుష్టులని ఎవరినంటాం? పాపమంతా ధూళిపాళ శకుని ఎత్తుకోవలసి వచ్చింది. ఎత్తుకున్నాడు కూడా, హాయిగా.

బొమ్మల కథలు మాత్రం పాత జట్టును చాలావరకు కాపాడాయి. అమర్ చిత్ర కథ అనే పేరు 1965లో బెంగళూరులోనే, జి.కె. అనంతరామ్ చొరవతో, కన్నడంలో మొదలైంది. తొలి పుస్తకాలు సిండ్రెల్లా తరహా పాశ్చాత్య కథలు. పురాణాలు అనంత్ పై చేతికి వచ్చాక పెరిగాయి. 1980లలో మహాభారతాన్ని 42 సంచికల్లో వేశారు. చిన్న గడిలో మనిషి మనసు చూపించడం కష్టం, వేలు చూపించి నవ్వే శకుని తేలిక. అప్పుడే బి.ఆర్. చోప్రా టీవీ మహాభారతం వచ్చి, ఒక కాలు ఈడ్చుకుంటూ పాచికలు నలిపే గూఫీ పెయింటల్ శకునిని ఆదివారం పూట అన్ని ఇళ్లలోకీ తెచ్చింది. 2019 కన్నడ కురుక్షేత్రలో దర్శన్ దుర్యోధనుడే కథానాయకుడు, కర్ణుడు అర్జున్ సర్జా. శకుని వేషం వేసింది మన సాయికుమార్ తమ్ముడు రవిశంకర్.

ఇంతమంది బయటపడ్డాక జట్టులో మిగిలిందెవరు? దుశ్శాసనుడు. కర్ణుడికి పంపడు దొరికాడు, అతని కథను మరాఠీలో నవలగా రాసిన శివాజీ సావంత్ దొరికాడు. దుర్యోధనుడికి రన్నడు, ఎన్టీఆర్. శకునికి ఎముకల పాచికలు. దుశ్శాసనుడి తరఫున రన్నడి దుర్యోధనుడు కార్చిన కన్నీళ్లు తప్ప పెద్దగా ఏమీ లేదు. వ్యాసుడి కథలో అతను సొంతంగా ఒక్క కుట్రా పన్నలేదు. అన్న చెబితే వెళ్లాడు, కర్ణుడు చెబితే లాగాడు. చెప్పినవాళ్లను క్షమించగలిగిన కవులు చేసినవాణ్ణి క్షమించలేకపోయారు. ద్రౌపది జుట్టు పట్టుకున్న చెయ్యి అతనిది, కళ్లముందు కనిపించేది ఆ చెయ్యే. ఆ సభలో చీర తియ్యమన్న నోరు మాత్రం శివాజీ గణేశన్‌కి, ఎన్టీఆర్‌కి, కృష్ణంరాజుకి ఇచ్చి చప్పట్లు కొట్టాం. ఈ విషయంలో నాకు మన కవులతోనూ మనతోనూ పేచీ ఉంది. దుశ్శాసనుణ్ణి వదిలేయమని కాదు. కర్ణుణ్ణి అంత తేలిగ్గా వదలకూడదని.

పదిహేడో రోజున భీముడు దుశ్శాసనుడి గుండె చీల్చాడు. అదే రోజు కర్ణుడు పడ్డాడు. మర్నాడు సహదేవుడి చేతిలో శకుని, సాయంత్రానికి మడుగు ఒడ్డున దుర్యోధనుడు. చతుష్టయం అయిపోయింది గాని జట్టు అయిపోలేదు. తొడలు విరిగి నేలమీద పడి ఉన్న దుర్యోధనుడు అశ్వత్థామకు సేనాపతిగా అభిషేకం చేయించాడు. పదకొండు అక్షౌహిణుల్లో అతనికి మిగిలిన సేన ఇద్దరు. మేనమామ కృపాచార్యుడు, సభాద్వారం దగ్గర కృష్ణుడి కోసం సైన్యాన్ని నిలబెట్టమని సాత్యకి పురమాయించిన ఆ కృతవర్మ. చతుష్టయం అన్నేళ్లు కూర్చుని పన్నిన కుట్రలన్నిటికంటే ఘోరమైన పని ఈ ముగ్గురూ ఒక్క రాత్రిలో చేశారు. నిద్రపోతున్న శిబిరంలో అశ్వత్థామ కత్తి దూస్తే, పారిపోయే వాళ్లను మిగిలిన ఇద్దరూ వాకిట్లో నిలబడి నరికారు. ద్రౌపది అయిదుగురు కొడుకులూ పోయారు.

ఈ ముగ్గురిని మన జనం ఎన్నడూ ఒక జట్టుగా పిలవలేదు, వాళ్లకు సామూహికంగా ఒక పేరూ పెట్టలేదు. అశ్వత్థామ తలమీది మణి పోగొట్టుకుని, మూడువేల ఏళ్లు ఒంటరిగా తిరగమన్న శాపంతో వెళ్లిపోయాడు. కృతవర్మ ముప్పై ఆరేళ్ల తర్వాత ప్రభాసతీర్థంలో, నిద్రపోయేవాళ్లను చంపిన వీరుడివి అని తాగిన మత్తులో ఎత్తిపొడిచిన సాత్యకి చేతిలోనే చచ్చాడు. యాదవకులం మొత్తం కూలిపోయిన తగాదా ఆ మాటతోనే మొదలైంది. కృపాచార్యుడికి ఏమీ కాలేదు. మహాప్రస్థానానికి బయల్దేరేముందు ధర్మరాజు మనవడు పరీక్షిత్తుకు గురువుగా ఎవరిని పెట్టాలా అని చూసి, ఆయన్నే పెట్టి వెళ్లాడు.

వచ్చే భాగం: అక్షౌహిణి సేనతో వచ్చి, రెండు శిబిరాల వాళ్లూ వద్దు పొమ్మన్న రుక్మి కథ.